పొడుగు కీలం, పొట్టి కీలం

డిగ్రీ వృక్షశాస్త్రం పుస్తకంలో, పరపరాగ సంపర్కం కోసం మొక్కలు పన్నే ఉపాయాలంటూ ఒక జాబితా ఉంటుంది. ఏకలింగ పుష్పాలు, భిన్నకాల పక్వత, ఆత్మవంధ్యత్వం, ఇంకా రెండు మూడు, అన్నిటి చివర భిన్నకీలత. ఆ చివరిదానికి ఒక్క వాక్యం. పక్కన ప్రిమ్యులా పువ్వు నిలువుకోత బొమ్మలు రెండు. ఒకదానిలో కీలం పొడుగ్గా గొట్టం మూతిదాకా వచ్చి ఉంటుంది, కేసరాలు సగం లోతులో ఉంటాయి. రెండోదానిలో కేసరాలు మూతి దగ్గర, పొట్టి కీలం లోపల. పిల్లలు ఆ బొమ్మలు గీసి, భాగాలు గుర్తించి, రెండు మార్కులు తెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. ప్రిమ్యులా చలిదేశాల మొక్క, మన దేశంలో హిమాలయాలెక్కితే కనబడుతుంది. నేను పాఠం చెప్పింది కోనసీమలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ప్రభుత్వ కళాశాలలో.

ఆ బొమ్మతో ఒక చిక్కుంది. రెండు పూలనూ పక్కపక్కనే చూపిస్తుంది కాబట్టి, రెండూ ఒకే కొమ్మ మీద దొరుకుతాయని చదివేవాళ్లు అనుకుంటారు. అలా దొరకవు. ఒక మొక్క పుట్టి చచ్చేదాకా ఒకే రకం పూలు పూస్తుంది, పొడుగు కీలానివైతే అన్నీ పొడుగువే. రెండో రకం చూడాలంటే పక్క మొక్క దగ్గరికి వెళ్లాలి. మా చదువులో మొదటినుంచీ అలవాటు చేసేది దీనికి సరిగ్గా ఎదురు. పురుగు తినని, వాడని మంచి పువ్వు ఒకటి ఏరుకుని, బ్లేడుతో నిలువునా కోసి, పుష్పసూత్రం రాయడం. హెర్బేరియం షీటు మీద కూడా ఒక మొక్క, ఒక కొమ్మ. ఆ పద్ధతిలో జాతి లక్షణాలన్నీ వచ్చేస్తాయి, ఇదొక్కటి తప్ప. ఈ లక్షణం ఏ ఒక్క పువ్వులోనూ లేదు, రెండు మొక్కల మధ్య ఉంది. నా ఉద్యోగకాలంలో పిల్లలకి నేర్పిన వాటిలో ఏది మిగలాలి అని ఎవరైనా అడిగితే ఈ మాటే చెబుతాను.

మాకు కడియం దగ్గరే. అక్కడి నర్సరీల్లో పెంటాస్ కుండీలు వరసలు వరసలుగా ఉంటాయి. ఎర్రవి, గులాబీవి, తెల్లవి, గుత్తులు గుత్తులుగా అయిదు రేకుల నక్షత్రాలు. మొక్కది కాఫీ కుటుంబం, సొంత ఊరు ఆఫ్రికా, అరేబియా ప్రాంతాలు. భిన్నకీలత అత్యధికంగా కనబడే కుటుంబం కూడా అదే. కుండీ ముందు కూర్చుని చూస్తే భూతద్దం లేకుండానే తేడా తెలుస్తుంది. కొన్ని మొక్కల పూలకి నడిమధ్యనుంచి చీలిన నాలుకలాంటి కీలాగ్రం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కొన్నిటికి అక్కడ పుప్పొడి తిత్తులు అయిదు గుండ్రంగా నిలబడి ఉంటాయి. నర్సరీవాళ్లు వీటిని చాలాచోట్ల కొమ్మ కత్తిరించి నాటి పెంచుతారు, అందుకని ఒక వరస మొత్తం ఒకే తల్లి మొక్క సంతానం, అంతా ఒకే రూపం. రెండు రూపాలూ కావాలంటే వరసలు మార్చి చూడాలి. నేను రంగు పట్టించుకోకుండా మూతులు చూసి కుండీలు ఏరుతుంటే అక్కడి కుర్రాడు, 'రంగు చెప్పండి మేడమ్, నేను తీసిపెడతా' అనేవాడు. రంగేదైనా పర్లేదంటే వింతగా చూసేవాడు.

ప్రాక్టికల్సుకి రెండు కుండీలు చాలు, తరగతి మొత్తానికి పూలు సరిపోతాయి. పెంటాస్ పూగొట్టం సన్నం, పొడుగు. దాన్ని బ్లేడు మొనతో చీల్చి స్లైడు మీద పరిచి, ఏది ఏ ఎత్తులో ఉందో స్కేలుతో కొలవాలి. పొడుగు కీలం పువ్వులో కీలాగ్రం ఎంత ఎత్తులో ఉందో, పొట్టి కీలం పువ్వులో పుప్పొడి తిత్తులు దాదాపు అంత ఎత్తులో ఉంటాయి. పొడుగు కీలం పువ్వులో తిత్తులున్న లోతుకి పొట్టి కీలం పువ్వులో కీలాగ్రం ఉంటుంది. పిల్లలు రెండు కొలతలూ రికార్డు పుస్తకంలో ఎదురెదురుగా రాసుకున్నాక ఒక నిమిషం గది నిశ్శబ్దమయ్యేది. ఆ తర్వాత గేలానికి వాడే నైలాన్ దారం ముక్క ఒకటి ఇచ్చేదాన్ని. సీతాకోకచిలుక నాలుక అనుకుని దాన్ని పువ్వులోకి అడుగుదాకా దూర్చి బయటికి తీయమనేదాన్ని. పొట్టి కీలం పువ్వులో దూర్చినప్పుడు పుప్పొడి దారం పైభాగంలో అంటుతుంది, పొడుగు కీలం పువ్వులో దూర్చినప్పుడు కొసకి దగ్గరగా. అదే దారాన్ని రెండో రకం పువ్వులో పెడితే పుప్పొడి అంటిన చోటు సరిగ్గా కీలాగ్రానికి తగులుతుంది. అదే రకం పువ్వులో పెడితే కీలాగ్రానికి తగిలేది దారంలో వట్టి భాగం. డార్విన్ ఈ పని చచ్చిన తుమ్మెద నాలుకతో చేశాడు. మా ఊళ్లో గేలం దారం సులువుగా దొరుకుతుంది.

ఇంత చూశాక కూడా తెలివైన పిల్లలకి ఒక సందేహం మిగిలేది. పుప్పొడి కొంతైనా రాలి పక్కకి పడుతుంది కదా, కీటకం నాలుక ప్రతిసారీ తిన్నగా దిగదు కదా, అప్పుడు అదే రకం పువ్వు మీద పడిన పుప్పొడి ఏమవుతుంది? మంచి ప్రశ్న. ఎత్తుల తేడా మొదటి కాపలా మాత్రమే. దాని వెనక రెండోది ఉంది. భిన్నకీలత ఉన్న చాలా జాతుల్లో, ఒకే రూపం మొక్కల మధ్య పుప్పొడి చేరినా నాళం సరిగా పెరగదు, అండం దాకా చేరదు. నేను దీన్ని గోత్రంతో పోల్చి చెప్పేదాన్ని. పొడుగు కీలం ఒక గోత్రం, పొట్టి కీలం ఒక గోత్రం. ఒకే గోత్రం వాళ్లు ఎంత దూరపు ఊళ్లవాళ్లయినా, ఏ చుట్టరికమూ లేకపోయినా, సంబంధం కలవదు. పొడుగు కీలం మొక్కకి ఊరిలోని మిగతా పొడుగు కీలం మొక్కలన్నీ తనతో సమానమే. ఈ మాట చెబితే మళ్లీ వివరించాల్సిన పని ఉండేది కాదు. పైగా ఆ గంటంతా తరగతిలో ఎవరికెవరు సగోత్రీకులో లెక్క తేలేది.

సంచులు కట్టే పని కూడా చేయించేదాన్ని. విచ్చబోయే మొగ్గల గుత్తికి పల్చని మల్లుగుడ్డ సంచి తొడిగి, దారంతో కట్టి, చీటీ వేలాడదీయాలి. కొన్నిటికి అదే మొక్క పుప్పొడి, కొన్నిటికి ఎదుటి రూపం పుప్పొడి, కొన్నిటికి అసలేమీ లేదు. ఎదుటి రూపం పుప్పొడి పెట్టిన గుత్తుల్లో కాయ కడుతుంది, మిగతావి చాలామటుకు వట్టిగా రాలతాయి. ఇది చెప్పడానికి తేలిక. కళాశాల ఆవరణలో చేయడం వేరే సంగతి. సంచి కట్టిన మర్నాడే ఎవరో ఒకరు అందులో ఏముందోనని విప్పి చూసేవాళ్లు. చివరికి కుండీలు ల్యాబు వెనక వరండాలో పెట్టి, తాళం మా అటెండరుకి అప్పజెప్పాం. ఆయన ఆ సంచుల్ని నాకంటే ఎక్కువ కాపాడాడు. చీటీల మీద సిరా చెరిగిపోతోందని పెన్సిలుతో రాయమని చెప్పింది కూడా ఆయనే.

ఒక సంవత్సరం, తాళ్లు గీసేవాళ్ల ఇంటి అమ్మాయి ఒకతె తరగతిలో ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. పెంటాస్ చూపించిన రోజు మాత్రం వెంటనే అడిగింది. 'అయితే మేడమ్, ఈ పొట్టిది పోతు, ఆ పొడుగుది పెంటి అన్నమాటేనా?' తాటిచెట్టుకి పోతు తాడి, పెంటి తాడి వేరువేరు. పోతుకి గెలలు మాత్రమే వస్తాయి, ముంజెలు కాసేది పెంటి తాడి. ఆ లెక్క ఆమెకి అక్షరాలకంటే ముందు తెలుసు. కేసరాలు బయటికి కనబడేది మగది, కీలం బయటికి కనబడేది ఆడది అని ఆమె ఊహించడంలో తప్పేమీ లేదు. నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది, ఎందుకంటే డార్విన్ కూడా మొదలుపెట్టింది అక్కడే.

ఇంగ్లండులో తోటలు పెంచేవాళ్లకి ప్రిమ్యులాలో రెండు రకాల పూలుంటాయని అంతకుముందే తెలుసు, వాటికి పేర్లూ ఉన్నాయి. ఎవరూ దానికి కారణం వెదకలేదు. డార్విన్ మొదట, ఈ జాతి మెల్లగా మగ, ఆడ మొక్కలుగా విడిపోతోందేమో అనుకున్నాడు. పొడుగు కీలం మొక్కలు ఆడతనం వైపు జరుగుతున్నాయి, కాబట్టి వాటికి గింజ ఎక్కువ రావాలి. ఊహ సరైనదో కాదో తేల్చడానికి మొక్కలకి గుర్తులు పెట్టి, గింజలు పోగుచేసి తూచాడు. పొట్టి కీలం మొక్కలే ఎక్కువ గింజలిచ్చాయి. ఊహ అక్కడితో పోయింది. అప్పుడు వలలు కప్పి, రూపాల మధ్య పుప్పొడి చేతితో మార్చి మార్చి పెట్టి చూశాడు. ఎదుటి రూపంతో జరిగినదాన్ని సక్రమ సంయోగమనీ, అదే రూపంతో జరిగినదాన్ని అక్రమ సంయోగమనీ అన్నాడు. ప్రిమ్యులా మీద ఆ వ్యాసం 1861 నవంబరులో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో చదివారు, 1862లో అచ్చయింది. 1877లో పూర్తి పుస్తకం వచ్చింది, దాన్ని అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకి అంకితమిచ్చాడు. తన చిన్న చిన్న ఆవిష్కరణల్లో దేనికీ ఇంత సంతోషం కలగలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. జాతుల పుట్టుక గురించి రాసిన మనిషి ఈ మాట అన్నాడని చెబితే పిల్లలు నమ్మేవాళ్లు కాదు.

ఆ అమ్మాయికి జవాబు మాటల్లో చెప్పలేదు. సంచుల వరస దగ్గరికి తీసుకెళ్లి రెండు కుండీలూ చూపించాను. రెండిటికీ కాయలున్నాయి. 'రెండూ కాస్తాయి, రెండూ పుప్పొడి ఇస్తాయి. ఇప్పుడు పోతు ఏదో నువ్వే చెప్పు' అన్నాను. కాసేపు చూసి, 'తాటిచెట్టు కంటే ఇదే నయం మేడమ్. సగం చెట్లు ఖాళీగా నిలబడవు' అంది. వ్యవసాయం తెలిసిన బుర్ర. పోతు, పెంటి విడిపోయిన జాతిలో కాసే మొక్కలు మొత్తంలో ఒక భాగమే. భిన్నకీలతలో ప్రతి మొక్కా కాస్తుంది, పైగా తన చుట్టూ ఉన్న మొక్కల్లో సగంతో సంబంధం కుదురుతుంది.

సగమే ఎందుకు, ఎప్పుడూ సగమే ఎలా ఉంటుంది అనేదానికి జవాబు 1905లో బేట్సన్, గ్రెగరీ అనే ఇద్దరు చెప్పారు. మెండెల్ లెక్కల్లో ఇంత అందమైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. ప్రిమ్యులాలో పొడుగు కీలం అంతర్గతం, పొట్టి కీలం బహిర్గతం. పొట్టి కీలం మొక్కలో రెండు కారకాలూ ఒక్కొక్కటి ఉంటాయి, పొడుగు కీలం మొక్కలో అంతర్గతమే రెండు. సంకరం ఎప్పుడూ ఈ రెండిటి మధ్యే కాబట్టి పిల్లల్లో సగం ఇటు, సగం అటు. ఆడపిల్లా మగపిల్లాడా అన్నట్టే ప్రతి తరంలోనూ లెక్క మళ్లీ సమానమవుతుంది. చాలాకాలం ఇది ఒకదానికొకటి అతుక్కుని వచ్చే కొన్ని జన్యువుల గుంపు పని అని అనుకున్నారు. 2016లో ప్రిమ్యులాలో ఆ గుంపును విప్పి చూశారు. అక్కడ అయిదు జన్యువులున్నాయి, అవి పొట్టి కీలం మొక్కల్లో మాత్రమే ఉన్నాయి. పొడుగు కీలం మొక్కల్లో ఆ ముక్కే లేదు. వాటిలో ఒకటి బ్రాసినోస్టీరాయిడ్ అనే పెరుగుదల హార్మోనును కీలంలో పనిచేయకుండా చేస్తుంది, దాంతో కీలం పొట్టిగా ఆగిపోతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పిన పాఠానికీ తర్వాత చెప్పిన పాఠానికీ ఇక్కడే పెద్ద తేడా వచ్చింది.

మా పట్టణాల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద టర్నెరా వేస్తారు. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకునే లేత రంగు పూలు, నడుమ ముదురు మచ్చ. అదీ ఈ బాపతే. దానిలో కూడా కీలాన్ని పొట్టి చేసేది ఆ హార్మోను లేకుండా చేయడమేనని తేలింది, కానీ ఆ పని చేసే జన్యువు పూర్తిగా వేరు. సుమారు 28 కుటుంబాల్లో ఈ ఏర్పాటు ఉంది, చాలా చోట్ల విడివిడిగా పుట్టింది. బస్సు కోసం నిలబడిన పది నిమిషాల్లో డివైడరు పక్కన వంగి ఏం చూస్తున్నారని నన్ను అడిగిన వాళ్లు చాలామంది.

తెలుగు నేల మీద ఈ పని చేసిన ఒక పెద్దాయన పేరు ఇక్కడ చెప్పాలి. ఉస్మానియాలో, తర్వాత వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య బీర్ బహదూర్. కాఫీ కుటుంబంలో భిన్నకీలత మీద రాశారు. 1970లో చిరివేరు మీద ఆయన వ్యాసం వచ్చింది. చిరివేరు అంటే ఒకప్పుడు మచిలీపట్నం కలంకారీ అద్దకానికి ఎరుపు రంగు ఇచ్చిన వేరు. సముద్రపొడ్డు ఇసకలో పాకే, చిటికెన వేలి గోరంత కూడా లేని తెల్లపూల మొక్క. అందులో భిన్నకీలత పూలతో పాటు, కీలమూ కేసరాలూ ఒకే ఎత్తులో ఉండే పూల మొక్కల్ని కూడా ఆయన వర్ణించారు. అంటే జత అక్కర్లేకుండా తనతో తానే సరిపెట్టుకునే దారి. మా పిల్లల్ని తీరానికి తీసుకెళ్లినప్పుడు ఆ మొక్క ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టేదాన్ని. అద్దకం సంగతి అందరికీ తెలుసు. వేరు ఇచ్చే మొక్క పువ్వును ఎవరూ చూసి ఉండరు.

మొక్కకి జత తప్పిపోతే ఏమవుతుందో చూడాలంటే గుర్రపు డెక్క. కాలవలకీ చెరువులకీ అది చేసిన హాని అందరికీ తెలుసు కాబట్టి ఆ పువ్వును ఎవరూ ప్రేమగా చూడరు. నిజానికి మంచి పువ్వు. లేత ఊదారంగు రేకులు ఆరు, పైరేకు మీద నెమలికన్నులా నీలం మధ్య పసుపు చుక్క. ఇందులో రూపాలు రెండు కాదు, మూడు. కీలం పొడుగు, మధ్యరకం, పొట్టి. కేసరాలు ఆరూ రెండు ఎత్తుల్లో మూడేసి చొప్పున, కీలం లేని రెండు ఎత్తుల్నీ ఆక్రమించుకుంటాయి. మధ్య కీలం పువ్వులో మూడు కేసరాలు పైన, మూడు కింద, నడుమ కీలాగ్రం. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా. పొట్టి కీలం రూపం అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. ప్రపంచమంతా పాకింది ఎక్కువగా మధ్య కీలం, అక్కడక్కడా పొడుగు కీలం. అందమైన పువ్వని 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చినవాళ్లు బెంగాల్లో వదిలితే, అక్కడినుంచి అన్ని నీళ్లలోకీ వచ్చింది.

పిల్లలకి సెలవుల్లో ఒక పని ఇచ్చేదాన్ని. మీ ఊరి చెరువులో గుర్రపు డెక్క పువ్వు కోసి, కీలం ఏ ఎత్తులో ఉందో చూసి రండి. కాలవ గట్లు, కొల్లేరు అంచులు, గుడి కోనేళ్లు, ఎక్కడినుంచి తెచ్చినా నా బల్ల మీదికి వచ్చినవన్నీ మధ్య కీలమే. ఇంత పెద్ద జాతి, జతలేకుండా ఎలా బతికింది? ఈ మొక్కకి గోత్రపు పట్టింపు తక్కువ, తన రూపం పుప్పొడితో కూడా గింజ కడుతుంది. అసలు గింజ దాకా పోనక్కర లేదు. తల్లి మొక్క తీగ సాచి కొసన పిల్ల మొక్కని పెడుతుంది, అది విడిపోయి ఇంకో తీగ సాచుతుంది. చెరువంతా కప్పినది లెక్కకి లక్ష మొక్కలైనా, లోపల అది ఒకటో రెండో మొక్కలే అయి ఉండొచ్చు. ఈ ఏర్పాటంతా పరపరాగం కోసం పుట్టింది. ఇక్కడ ఆ ఏర్పాటులో ఒక ముక్కే తేలుతోంది, పనిలేని సామగ్రిలాగా.

మూడు రూపాల లెక్క మొదట పట్టుకుంది కూడా డార్వినే. లిథ్రమ్ సాలికేరియా అనే మొక్క మీద, మన గోరింటాకు కుటుంబానిదే. మూడు రకాల కీలాలు, ఒక్కో రూపంలో రెండేసి చొప్పున ఆరు రకాల కేసరాలు. ఏ పుప్పొడి ఏ కీలాగ్రం మీద పెట్టాలన్నది మొత్తం 18 రకాలుగా సాధ్యం. పద్దెనిమిదీ చేశాడు. కీలంతో ఎత్తు కలిసిన కేసరాల పుప్పొడి పెట్టినవి ఆరు, అవే నిండుగా గింజ కట్టాయి. సంచులు కట్టించే ఓపిక నాకు తగ్గినప్పుడల్లా ఈ పద్దెనిమిదిని తలుచుకునేదాన్ని.

తంగేడు సంగతి వేరు. ఇక్కడ ఎత్తుల తేడా కాదు, కుడి ఎడమల తేడా. ఓరియంటేషన్ కోర్సుకి వరంగల్ వెళ్లినప్పుడు బతుకమ్మ రోజులు. బతుకమ్మ పేర్చే గృహిణుల పక్కన కూర్చుని తాంబాళంలోని తంగేడు పూలు తిప్పి తిప్పి చూశాను. కొన్ని పూలలో కీలం ఒక పక్కకి వంగి ఉంటుంది, కొన్నిటిలో రెండో పక్కకి, అద్దంలో నీడలా. పొడవైన కేసరాలు దానికి ఎదురు పక్క. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, 'ఏం జూస్తున్నవ్ బిడ్డా, పురుగేమన్న ఉన్నదా?' అని అడిగింది. చూపించాను. చేతిలోకి రెండు పూలు తీసుకుని, పక్కపక్కన పెట్టి, 'ఇన్నేండ్ల సంది పేరుస్తున్న, గిది సూడలే' అని కోడల్ని పిలిచింది.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, వచ్చే పురుగుకి దొరికేది పుప్పొడే. అదీ తిత్తి విచ్చి పడదు, కొసనున్న సన్నటి బెజ్జంలోంచి రావాలి. నల్ల తుమ్మెద పువ్వుని కరిచి పట్టుకుని రెక్కల కండరాలు అదిరిస్తుంది, ఆ ఝంకారానికి పుప్పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పుప్పొడిని అది తిండికి పోగేసుకుంటుంది. పొడవు కేసరాలది దాని ఒంటికి ఒక పక్కన అంటుతుంది. కీలం అదే పక్కకి వంగిన పువ్వు మీద వాలినప్పుడే ఆ పుప్పొడి చేరాల్సిన చోటికి చేరుతుంది. కేసియా, తంగేడు పూల మీద రివ్కా డల్బెర్గర్ 1981లో రాసిన వ్యాసం ఈ విషయంలో నాకు పెద్ద దిక్కు. ఒక్క అసంతృప్తి ఉంది. తంగేడులో కుడి పూలూ ఎడమ పూలూ ఒకే కొమ్మ మీద ఉంటాయి, కాబట్టి ఈ ఏర్పాటు ఒకే పువ్వులో పుప్పొడి రాలకుండా ఆపుతుంది గానీ, అదే మొక్క మీది పక్క పువ్వు నుంచి రాకుండా ఆపలేదు. పెంటాస్‌తో పోలిస్తే సగం కట్టిన గోడ. దక్షిణాఫ్రికాలో వాచెన్‌డోర్ఫియా అనే మొక్కలో మాత్రం ఒక మొక్క అంతా ఎడమ, ఒక మొక్క అంతా కుడి.

కుడి ఎడమల పూల గురించి 1882లో అమెరికాలో టాడ్ అనే ఆయన రాశాడు. అది చదివి డార్విన్ ఆయనకి గింజలు పంపమని ఉత్తరం రాశాడు. ఉత్తరం తేదీ ఏప్రిల్ 10. ఆ నెల 19న పోయాడు. డెబ్బై మూడేళ్ల మనిషి, గుండె జబ్బు, ఇంకా మొలకెత్తాల్సిన గింజలు అడుగుతున్నాడు. ఈ సంగతి నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు, ప్రాక్టికల్సు అయ్యాక రికార్డులు దిద్దుతూ ఉండిపోయిన ఇద్దరు ముగ్గురికి చెప్పేదాన్ని.

రిటైరయ్యాక ఈ చదువు నాకు ఒక కొత్త ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఊళ్లో ఎవరి పెరట్లో చెట్టు పూసి కాయకపోయినా కబురొస్తుంది. ఎక్కువసార్లు కారణం నీళ్లో, నీడో, తేనెమంచో అయి ఉంటుంది. మా వీధిలో ఒక బాబాయి గారి స్టార్ ఫ్రూట్ చెట్టు మాత్రం నా పాఠంలోదే. పులిచింత కుటుంబం, కొమ్మల మీదా మాను మీదా చిన్న చిన్న గులాబీ, ఊదా పూలు. గింజనుంచి మొలిచిన చెట్టు. ఏటా విరగబూసి, అంతా రాల్చేది. భూతద్దంతో చూస్తే పొట్టి కీలం. స్టార్ ఫ్రూట్‌లో పొడుగు కీలం చెట్లు, పొట్టి కీలం చెట్లు ఉంటాయి. ఒంటరిగా కాసే రకాలూ ఉన్నాయి గానీ, గింజ చెట్టు విషయంలో నమ్మకం లేదు.

'అయితే నాది పోతు చెట్టా అమ్మా? కొట్టించేయమంటావా?'

'వద్దు బాబాయి గారూ. దానికీ కాయ వస్తుంది. రెండో రకం తోడు కావాలి.'

'ఇంకో చెట్టు వేయడానికి పెరడెక్కడుంది?'

చెట్టక్కర్లేదు, కొమ్మ చాలన్నాను. పక్క ఊళ్లో ఒకరి దొడ్లో చెట్టు పొడుగు కీలానిది. అక్కడినుంచి పుల్ల తెచ్చి, అంటు కట్టే మనిషి చేత ఈ చెట్టు కొమ్మకి కట్టించాం. అంటు అతికింది. అది పూతకి వచ్చిన ఏడాది చెట్టు రెండు వైపులా కాసింది, పాత కొమ్మలకి కూడా. తేనెటీగలు వాటి పని అవి చేశాయి. బాబాయి గారు కాయలు పంచుతూ అందరికీ అంటు కొమ్మే కాసిందని చెబుతుంటే, పాత కొమ్మలు చూపించి ఒప్పించడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇప్పుడు ఆ అంటు కొమ్మకి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టమని చెప్పాను. వానలకి ముందు కొమ్మలు కొట్టడానికి వచ్చే కూలీలకి అది పక్కకి పొడుచుకొచ్చిన పనికిరాని కొమ్మలా కనబడుతుంది, ముందు దాన్నే తీసేస్తారు.